చాట లాంటి హాలు, ఆరు వేల రూపాయలు

మేము ఈ పోర్షన్‌లోకి వచ్చి నాలుగు నెలలు దాటింది. హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక సందు చివర, రెండు దారులు కలిసే మూల స్థలంలో కట్టిన బిల్డింగు, మాది మూడో అంతస్తు, పైన ఇక స్లాబే. స్థలం ఎటు వంకర తిరిగితే గోడ కూడా అటే తిప్పేశారు. దాంతో మా హాలు వాకిలి దగ్గర పదకొండు అడుగుల వెడల్పుతో మొదలై, అవతలి కొసకు పోయేసరికి నాలుగున్నర అడుగులకు వచ్చేస్తుంది. మధ్యలో గోడలోంచి అడుగు బయటకు పొడుచుకొచ్చిన పిల్లరు. వంటింట్లో ఒక నల్లరాయి ప్లాట్‌ఫారం తప్ప ఒక్క షెల్ఫు లేదు. అద్దె 9,000. నా జీతం 22,000, అందులోనే తమ్ముడి గ్రూప్స్ కోచింగ్, ఇంటికి పంపేది, అన్నీ. వాడికి సిటీ సెంట్రల్ లైబ్రరీ నడిచి వెళ్ళేంత దూరం కాబట్టి ఇల్లు వంకరగా ఉన్నా ఇక్కడే తీసుకున్నాం.

దించడానికి వచ్చిన మా అమ్మ హాలు మధ్యలో నిలబడి, "గిదేం ఇల్లు బిడ్డా, చాట లెక్కున్నది" అంది. ఆ మాట నాకు ఆ రాత్రంతా గుచ్చుకుంది. అమ్మ తప్పుగా ఏమీ అనలేదు, నిజంగానే చాట లాగే ఉంది. కానీ ఆమె ఉన్న రెండు రోజులూ మంచం అంచున, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చుంది. ఎక్కడ కూర్చోవాలో, చెంబు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. సూర్యాపేట దగ్గర మా ఊరి ఇల్లు కూడా పెద్దదేమీ కాదు, రెండు అర్రలే, కానీ అక్కడ ఎవరు వచ్చినా అడగకుండానే ఎక్కడో ఒక చోట కుదురుకుంటారు. ఇక్కడ కూడా అలా కావాలి, అదీ ఆరు వేలు దాటకుండా, అని అప్పుడే లెక్క రాసుకున్నాను.

మొదటి వారమే పొరపాటు చేశాం. సామాన్లన్నీ నేల మీద చూసి టెన్షన్ పడి, ఒక సెకండ్ హ్యాండ్ ఇనుప ర్యాకు 1,400 పెట్టి తెచ్చాం. మెట్ల మలుపు దగ్గర అది తిరగలేదు. నిలువుగా ఎత్తినా, పడుకోబెట్టినా రాలేదు, అదే షాపుకు 900కు తిరిగి ఇచ్చేశాం. పోయిన 500 నాకు రెండు వారాల కూరగాయలు. అందుకే ఎవరైనా చిన్న ఇంట్లోకి మారుతుంటే నేను ముందు చెప్పేది ఇదే, గది కొలతలు తర్వాత, మెట్ల మలుపు, తలుపు వెడల్పు ముందు కొలవండి. మా దగ్గర టేపు లేదు. పురికొసకు అడుగుకో ముడి వేసి దాంతోనే కొలిచాం. ఏదైనా కొనాలనుకుంటే దాని సైజుకు పాత పేపర్లు అతికించి నేల మీద పరిచి, రెండు రోజులు దాని చుట్టూ తిరిగేవాళ్ళం. పేపరు కాలికి తగులుతుంటే ఆ వస్తువు మాకు వద్దన్నమాట.

ర్యాకు సంగతి అయ్యాక రెండు వారాలు ఏమీ కొనలేదు. ఊరికే చూశాను. మేమిద్దరం టీ తాగేది ఎప్పుడూ గడప దగ్గరే, ఎందుకంటే గాలి అక్కడే ఉంది. బ్యాగులు, హెల్మెట్, కూరగాయల సంచి అన్నీ పిల్లరు పక్క సందులోనే పడుతున్నాయి. తమ్ముడు పుస్తకం పట్టుకుని పొద్దున కిటికీ దగ్గర, మధ్యాహ్నం వాకిట్లో, రాత్రి మంచం మీద, వెలుగు ఎటు పోతే అటు జరుగుతూ ఉన్నాడు. వాడి మెడ నొప్పికి కారణం నాకు అప్పుడు అర్థమైంది. ఇల్లు అందంగా ఉండాలని కాదు నాకు కావాల్సింది, వాడు రోజంతా ఒకే చోట కూర్చుని చదువుకోగలగాలి, అమ్మ వస్తే ఒరగడానికి ఒక గోడ ఉండాలి, నేను డ్యూటీ నుంచి వస్తే కళ్ళు సేద తీరాలి. డబ్బులన్నీ ఈ మూడింటికే పోవాలని అనుకున్నాక చాలా కొనుగోళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

కళ్ళ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది అన్నిటికంటే చవకగా అయింది. నేను పనిచేసేది డయాగ్నస్టిక్ సెంటర్ బిల్లింగ్ కౌంటర్‌లో, పొద్దున్నుంచి తెల్ల లైట్ల కిందే. ఇంటికొస్తే ఇక్కడా అదే తెల్ల ట్యూబులైటు. దాని మీద 6500 కె అని రాసి ఉంది. ఈ అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత నీలి తెలుపు, ఎంత తగ్గితే అంత పసుపు. 2700, 3000 అని ఉన్నవి దీపం వెలుగుకు దగ్గరగా ఉంటాయి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 3000వి మూడు తెచ్చాను, 330 రూపాయలు. హాలు స్లాబుకు ఊయల కోసం వదిలిన ఇనుప కొక్కెం ఉంది. పూలమ్మే ఆమె దగ్గర ఖాళీగా పడున్న వెదురు బుట్ట అడిగి తెచ్చి, బోర్లించి, ఆ కొక్కేనికి వేలాడదీసి, ఎలక్ట్రీషియన్‌తో లోపల బల్బు పెట్టించాను. బుట్ట అల్లిక నీడలు గోడ మీద పడతాయి, ఆ వంకర గోడ మీద మరీ బాగా పడతాయి. ఎల్‌ఈడీ కాబట్టి పాత బల్బుల్లా కాలిపోయేంత వేడి రాదు, అయినా బుట్టకు తగలకుండా జానెడు ఎడం ఉంచాం. ట్యూబులైటు తీయలేదు, బియ్యంలో రాళ్ళు ఏరాలంటే అదే కావాలి.

ఇక చాట కొస. నాలుగున్నర అడుగుల వెడల్పులో మంచం పట్టదు, బీరువా పెడితే గుహలా అవుతుంది, మొదటి నెల అక్కడ గ్యాస్ బండ, చీపుర్లు పెట్టాం. ఒకరోజు తమ్ముడే, "అక్కా, ఆ కొస నాకిచ్చెయ్, మూడు వైపులా గోడ ఉంటే చదువుతుంటే నిద్ర రాదు" అన్నాడు. నా వీక్లీ ఆఫ్ గురువారం, అది కలిసొచ్చింది. జుమ్మేరాత్ అంటేనే గురువారం, పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్ జరిగేది ఆ రోజే. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కాబట్టి మూడు గురువారాలు వరసగా వెళ్ళి, రెండు సార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. మూడోసారి పాత కుట్టుమిషన్ ఇనుప కాళ్ళు దొరికాయి, పైన చెక్క లేకుండా కాళ్ళు మాత్రమే. వెయ్యి చెప్పాడు, 700కు ఇచ్చాడు. టేబుల్ పైచెక్క కోసం కూలగొట్టిన ఇళ్ళ తలుపులు అమ్మే షాపులో ఒక మూల ఉబ్బిన ఫ్లష్ డోర్ 350కి తీసుకుని, ఉబ్బిన భాగం పోయేలా కోయించాను, కోత కూలి వంద. కొస వంకరను పేపరు మీద గీసుకుని పోయి ఆ గీత ప్రకారమే కోయించాను కాబట్టి చెక్క గోడకు గోడకు మధ్య దిగబడి కూర్చుంది. కొత్త షోరూంలో ఎంత డబ్బు పెట్టినా ఆ కొసకు సరిపోయే టేబుల్ రాదు, అది కొలిచి కోస్తేనే వస్తుంది. కుర్చీ ఎర్రగడ్డ ఆదివారం సంతలో 250. టేబుల్ లైటు మాత్రం కొత్తది, 300. దానికి పసుపు బల్బు పెడితే చదువుతుంటే కళ్ళు మూతలు పడుతున్నాయన్నాడు, మార్చి 4000ది పెట్టాం.

అప్పటి నుంచి వాడు పొద్దున లైబ్రరీ, సాయంత్రం ఆ కొస. గోడ మీద జిల్లాల మ్యాపు, టైం టేబుల్. అది వాడి గది అయిపోయింది, తలుపు లేకపోయినా నేను అటు వెళ్ళేటప్పుడు ఒకసారి పిలిచి వెళ్తాను.

వేడి గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పై అంతస్తులో ఉండేవాళ్ళందరి బాధ ఇదే. స్లాబు పగలంతా ఎండను మింగి, రాత్రంతా కిందకు వదులుతుంది. మార్చి చివరికే రాత్రి పదకొండింటికి ఫ్యాను వేస్తే వేడి గాలి తోస్తోంది. కూలర్‌కు డబ్బు లేదు, ఉన్నా పెట్టే చోటు లేదు. ఓనర్ ఆంటీని అడిగి డాబా మీద మా పోర్షన్ వరకు సున్నం వేశాం. ముందు డాబా మొత్తం కడిగి, మట్టి పోయేదాకా రుద్దాం. రాళ్ళసున్నం నానబెట్టేటప్పుడు జాగ్రత్త, నీళ్ళు పోయగానే కుతకుతా ఉడుకుతుంది, దగ్గరగా మొహం పెట్టకూడదు, ప్లాస్టిక్ బకెట్ వాడకూడదు. తెల్లారాక చల్లబడిన దాన్ని వడగట్టి, అంటుకోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక ఒక పూత, మర్నాడు సాయంత్రం ఇంకో పూత. సున్నం, బ్రష్షు, ఫెవికాల్ అన్నీ కలిపి 650. ఇల్లు చల్లగా అయిందని చెప్పను, కానీ రాత్రి మంచం పట్టుకుంటే కాలడం ఆగింది, పన్నెండు లోపు నిద్ర పట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, దాని వెనక ఉన్నది కూడా ఇదే సూత్రం, తెల్లగా ఉన్న కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. మా అమ్మమ్మ వాళ్ళు ఉగాదికి ముందు గోడలకు సున్నం కొట్టించేవాళ్ళు, నేను పండగ కోసమే అనుకునేదాన్ని.

పడమటి కిటికీకి గోనె సంచులు విప్పి కుట్టి కట్టాం, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీళ్ళు చల్లితే బాగా పనిచేసింది. జూన్‌లో గాలిలో తేమ వచ్చాక చల్లడం మానేయాలి, లేకపోతే ఉక్క ఎక్కువై ముక్కిన వాసన వస్తుంది.

వంటింట్లో నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది అతికించే హుక్కులు. "మేకులు మాత్రం కొట్టొద్దమ్మా" అని ఆంటీ ముందే చెప్పింది కదా అని ఒక ప్యాకెట్ తెచ్చి గరిటెలన్నీ తగిలించాను. గోడ డిస్టెంపరు, పొడి పొడిగా రాలే రకం, రాత్రి రెండింటికి హుక్కులన్నీ రంగు పెచ్చులతో సహా కింద పడ్డాయి. టైల్స్ మీద, స్టీలు మీద అవి నిలుస్తాయి గానీ ఇలాంటి గోడ మీద వద్దు. ఆంటీకి నేనే చెప్పాను, దాచలేదు. రంగు మేమే వేసుకుంటామంటే సరేనంది, 900లో వంటిల్లు మొత్తం లేత పసుపు అయింది. తర్వాత కిటికీ గ్రిల్ నుంచి సజ్జ కింద ఉన్న కొక్కేనికి ఒక ఇనుప కడ్డీ కట్టి, ఎస్ ఆకారపు కొక్కేలతో గరిటెలు, జల్లెడ, చిన్న గిన్నెలు వేలాడదీశాం. గోడకు ఒక్క రంధ్రం లేదు. ప్లాట్‌ఫారం కింద గ్యాస్ బండ కనపడకుండా స్ప్రింగ్ వైరు మీద అమ్మ పాత నేత చీర రెండు ముక్కలు చేసి వేశాను. చీర అంచు కింద వైపు వచ్చేలా కుట్టించాను, వంట చేస్తున్నప్పుడు ఆ అంచు పాదాలకు తగులుతుంటుంది. చిన్నప్పుడు ఆమె వెనకాల నిలబడి పట్టుకున్నది ఆ అంచునే.

హాల్లో సోఫా లేదు, పెట్టాలని కూడా లేదు. ఊరి నుంచి వచ్చిన ఇనుప ట్రంకుపెట్టె వెడల్పు గోడ పక్కన పెట్టి, దాని మీద అమ్మ కుట్టిన బొంత నాలుగు మడతలు వేశాం. ఐదు పాత చీరలు కలిపి చేత్తో కుట్టిన బొంత, పైన కనిపించేది నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి నీలం చీర. అమ్మ మోకాళ్ళ నొప్పికి కింద కూర్చోలేదు, ట్రంకు ఎత్తు ఆమెకు సరిగ్గా సరిపోతుంది. లోపల చలికాలం దుప్పట్లు, తమ్ముడి పాత పుస్తకాలు. ముందు 400 పెట్టి తెచ్చిన తుంగ చాప, మిగతా వాళ్ళందరం దాని మీదే. పిల్లరు పక్క సందులో దండెం కట్టాం, ఎలాగూ సంచులన్నీ అక్కడే పడుతున్నాయి కాబట్టి ఇప్పుడు అవి అక్కడే వేలాడతాయి.

ఆటో ట్రాలీ కిరాయిలతో కలిపి 5,500 లోపే అయింది.

మే చివర్లో అమ్మ మళ్ళీ వచ్చింది. లోపలికి రాగానే ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి ట్రంకు మీద గోడకు ఒరిగి కూర్చుని, "ఏడున్నయ్ చిక్కుడుకాయలు, ఇటియ్యి" అంది. మధ్యాహ్నం అక్కడే కొంగు కప్పుకుని పడుకుంది. నాలుగు రోజులుందామని వచ్చి తొమ్మిది రోజులుంది. వెళ్ళాక చూస్తే హాలు గూట్లో ఆమె దువ్వెన, కుంకుమ భరిణె ఉన్నాయి. మర్చిపోయావని ఫోన్ చేస్తే, "మర్చిపోలే, ఉండనియ్యి, మళ్ళొస్త గదా" అంది.

నిన్నటి వానకు బాత్రూం వెంటిలేటర్ లోంచి నీళ్ళు లోపలికి కొట్టాయి. మిగిలిన డబ్బుల్లో దానికి ఒక రేకు ముక్క వేయించాలి. ఈ గురువారం మెట్ల మలుపుతో పని లేదు, పురికొస తీసుకుని వెళ్తే చాలు.