ఎండలో నిలబడే బండికి ఏ వ్యాక్స్?

బండి మెరుపుకు పూసే వ్యాక్స్‌లో చెట్టు మైనంతో చేసే కార్నౌబా మంచిదా, ఫ్యాక్టరీలో తయారయ్యే సింథటిక్ మంచిదా అని అడిగినవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: పగలు పది నుంచి నాలుగు దాకా మీ బండి ఎక్కడ నిలబడుతుంది? రంగేది, కంపెనీ ఏది, డబ్బా ఎంత అన్నవి తర్వాతి సంగతులు. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 40 డిగ్రీలు దాటిన రోజు ఎండలో పెట్టిన ముదురు రంగు కారు బానెట్ 70 డిగ్రీల దాకా కాలుతుంది. అంతగా కాలే రేకు మీద ఏం పూస్తున్నామో తెలుసుకునే పూయాలి.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ఇంట్లో రెండు కార్లు. ముదురు నీలం రంగుది నాది, తెల్లది మా ఆయనది. నాది ఇంటి దగ్గర పోర్టికోలో, కాలేజీలో షెడ్డు కింద ఉంటుంది. ఆయన ఉద్యోగం రేణిగుంట వైపు. అక్కడ షెడ్డు లేదు కాబట్టి బండి పొద్దస్తమానం ఆరుబయటే. నా బండికి కార్నౌబా పూస్తాను, ఆయన బండికి సింథటిక్ సీలెంట్. రెండూ నా చేత్తో నేనే పూస్తాను కాబట్టి ఏది ఎన్నాళ్లు ఉంటుందో, దేనికి ఏది పనికొస్తుందో కళ్లారా చూస్తూనే ఉన్నాను.

కార్నౌబా చెట్టు నుంచి వచ్చే మైనం. బ్రెజిల్ ఈశాన్యాన సియారా, పియావీ లాంటి రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు అది. శాస్త్రీయ నామం కోపర్నీషియా ప్రూనిఫెరా. ఆ ప్రాంతంలో నెలల తరబడి చినుకు పడదు. ఆకులోని తడి ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకు మీద మైనపు పొర పెంచుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి ఆ పొరను పొడిగా రాలుస్తారు. లేత ఆకుల నుంచి వచ్చే పసుపుపచ్చటి మైనం మేలు రకం. మాత్రల పైపూతకూ, చాక్లెట్ గోళీల మెరుపుకూ, పండ్ల మీద పూతకూ ఇదే వాడతారు. తినే వస్తువుల అట్టల మీద ఈ903 అని ఉంటే అది కార్నౌబానే. ఎండను తట్టుకోవడానికే పుట్టిన ఈ మైనమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ఈ మైనంలో ఎక్కువ భాగం ఎస్టర్లు అనే రసాయనాలే కాబట్టి, క్లాసులో ఎస్టర్ల పాఠం వచ్చినప్పుడల్లా దీని గురించి చెప్పకుండా ఉండలేను.

ప్రకృతిలో దొరికే మైనాల్లో బాగా గట్టి వాటిలో ఇదొకటి. 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. తేనెపట్టు మైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. ఈ అంకెలు చూసి, 70 డిగ్రీల బానెట్ మీద కార్నౌబా నిక్షేపంగా ఉంటుందని చాలామంది లెక్కగడతారు. కానీ డబ్బాలో ఉండేది ఒట్టి కార్నౌబా కాదు. ఒట్టిది గోటితో గీరితే పెచ్చులు లేస్తుందే తప్ప పూతకు రాదు. అందుకని సాల్వెంట్లు, నూనెలు, మెత్తటి మైనాలు కలిపి పేస్టుగా చేస్తారు. డబ్బా మీద పెద్దక్షరాల్లో 'ప్యూర్ కార్నౌబా' అని ఉన్నా లోపలిది మిశ్రమమే. ఆ మిశ్రమం ఎండకు మెత్తబడుతుంది, దుమ్ము పట్టుకుంటుంది, ఒక్కో కడుగుడికీ కొంత పోతుంది. నీడన ఉండే నా బండి మీద రెండు నెలలు ఉండే పూత, మా ఆయన బండి మీద వేసవిలో నెల తిరగకముందే పల్చబడిపోతుంది.

సింథటిక్ సంగతి వేరు. 1925లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో హైడ్రోకార్బన్లు తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఆ దారిలో వచ్చిన మైనాలు పాలిష్‌లలో ఇప్పటికీ ఉన్నాయి. ఈ కాలపు కార్ల సీలెంట్లలో మాత్రం అసలు పని చేసేవి సిలికోన్ పాలిమర్లు, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. వాటి గొలుసులకు అమైనో సమూహాలు తగిలించి ఉంటాయి. అవి పెయింట్‌ను గట్టిగా పట్టుకుంటాయి, ఆరేకొద్దీ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. కార్నౌబా రేకు మీద ఊరికే అంటుకుని ఉంటుంది, ఇది పట్టుకుని ఉంటుంది. అందుకే నాలుగు నెలలు, జాగ్రత్తగా కడిగితే ఆరు నెలలు కూడా నిలుస్తుంది. మా ఆయన బండికి ఏడాదికి రెండుసార్లు చాలు: ఎండలు ముదరకముందు మార్చిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలకు ముందు సెప్టెంబరు చివర ఒకసారి.

మరి నా బండికి కూడా అదే పూయవచ్చు కదా అంటారు. పూయవచ్చు. కానీ ముదురు రంగు మీద కార్నౌబా ఇచ్చే నిగారింపు సీలెంట్ ఇవ్వదు. సీలెంట్ మెరుపు అద్దంలా తళతళమంటుంది. కార్నౌబా పూస్తే రంగు లోపలికి దిగినట్టు, నీలం ఇంకాస్త చిక్కబడినట్టు ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు ఏటవాలు వెలుగులో మడ్‌గార్డ్ వంపు దగ్గర నిలబడి చూస్తే ఆ తేడా ఎవరికైనా కనబడుతుంది. తెలుపు మీద, సిల్వర్ మీద ఈ తేడా దాదాపు ఉండదు. తెల్ల బండికి అందం కోసం కార్నౌబా కొనడం దండగ అని నా గట్టి అభిప్రాయం.

ఎండ సంగతి సరే, మన జిల్లాల్లో బండికి ఇంకో శత్రువు మామిడి చెట్టు. దామలచెరువు దగ్గర మా అత్తగారివాళ్లకు తోట ఉంది. జనవరి, ఫిబ్రవరిల్లో పూత మీద తేనెమంచు పురుగు చేరుతుంది. అది విసర్జించే జిగురు ఆకుల మీద నుంచి కింద ఉన్న ప్రతిదాని మీదా సన్నగా రాలుతుంది. అద్దం మీద వేలు పెడితే బంకబంకగా తగులుతుంది. అది చక్కెర నీళ్లే. వ్యాక్స్ ఉన్న బండి మీద నుంచి మామూలు నీళ్లకే పోతుంది. వ్యాక్స్ లేకపోతే ఎండకు కాగి గట్టిపడుతుంది, దాని మీద నల్లటి బూజు కూడా పడుతుంది.

సొన అట్లా కాదు. జూన్‌లో తోతాపురి కాయలు కోసేటప్పుడు తొడిమ తుంచగానే చిమ్మే సొనలో నూనె భాగం ఉంటుంది, అందులో మైనాన్ని కరిగించే టెర్పీన్లు అనే రసాయనాలు ఉంటాయి. టర్పెంటైన్ కూడా టెర్పీన్ల మిశ్రమమే. కార్నౌబాను కరిగించి పాలిష్ చేయడానికి పూర్వం వాడింది ఆ టర్పెంటైన్‌నే. అంటే సొన పడినచోట కార్నౌబా పూత తనే కరిగి దారి ఇస్తుంది. తోటకు పోయినప్పుడల్లా మా మామ "నీడన పెట్టుకోమ్మా, ఎండలో ఎందుకు కాల్చేది" అంటాడు. కోతల రోజుల్లో మాత్రం నేను చెట్టు కింద పెట్టను. "సొన పడితే మరక ఒక పట్టాన పోదు మామా" అంటే ఆయనే, "సొనకు మనిషి తోలే పొక్కుతాది, రేకెంతలే" అని కళ్లం పక్క ఖాళీ చోటు చూపించాడు. కోతలకు వెళ్లేది మా ఆయన తెల్ల బండిలోనే. సీలెంట్ కూడా సొనను పూర్తిగా ఆపదు, కానీ తడిగుడ్డతో అప్పటికప్పుడు తుడిచేంత వ్యవధి ఇస్తుంది. పక్షి రెట్ట పడినా ఇంతే. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకు మెత్తబడిన క్లియర్ కోట్‌ను అది తినేస్తుంది. తుడవడం సాయంత్రానికి వాయిదా వేయకూడదు.

క్లియర్ కోట్ అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పొర. మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకన్నా లావు. మనం కాపాడుకోవాల్సింది ఆ పొరనే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఆ పొరలోనే ఉంటాయి. వ్యాక్స్ పూస్తే ఎండకు రంగు వెలవదని షాపువాళ్లు చెబుతారు గానీ, మైక్రాన్ మందం కూడా లేని పూత ఆ పని చేయలేదు. మురికి, ఆమ్లాలు, ఉప్పు మరకలు సూటిగా క్లియర్ కోట్‌కు తగలకుండా చేస్తుంది, అంతే. పాలిష్ అయితే ఆ పొరనే సన్నగా గీకి గీతలు మాయం చేస్తుంది. కాబట్టి పండుగ పండుగకూ పాలిష్ కొట్టించే అలవాటు వదులుకోండి.

నా లెక్కలో, ఏ వ్యాక్స్ అన్నదానికన్నా పూసే ముందు రేకు ఎంత శుభ్రంగా ఉందన్నదే ఎక్కువ. కొండకు పోయి వచ్చే బండ్లకు ఇది మరీ ముఖ్యం. ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకులు పడతాయి. డిస్కుల నుంచి రాలే ఇనుప రజను వేడి మీదే పెయింట్‌కు అంటుకుని, తర్వాత తుప్పు పడుతుంది. తెల్ల బండి చక్రాల వెనక, కింది భాగంలో ఇటుకరంగు చుక్కలు కనబడితే అవి ఇవే. షాంపూకు పోవు. దీనికోసమే ఐరన్ రిమూవర్ అని స్ప్రే అమ్ముతారు, అందులో ఇనుముతో కలిసి రంగు మారే థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉంటుంది. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కొట్టి రెండు మూడు నిమిషాలు చూడండి. ఒక్కో చుక్క దగ్గర ఊదా రంగు పుట్టి, తెల్లటి తలుపు మీద సన్నటి ధారలు కట్టి కిందికి జారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ల్యాబ్‌లో పరీక్షనాళికలో చూపించే రంగుల మార్పు అంతా ఇంటి ముందే కనబడుతుంది. చూడ్డానికి వచ్చిన మా పక్కింటి పిల్లలకు ఇనుము ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆరిపోకముందే నీళ్లతో బాగా కడిగేయాలి.

ఆ తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రేకు మీద మెల్లగా రాయండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది. గరగరలాడితే షాంపూ నీళ్లు చల్లుకుంటూ క్లే బార్‌తో, అంటే మెత్తటి బంకమట్టిలాంటి ముద్దతో రాసి తీయాలి. నున్నగా జారితే వ్యాక్స్‌కు సిద్ధం.

పూయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నీడన, చల్లటి రేకు మీద, కనబడీ కనబడనంత పల్చగా పూయాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ రోజులేం ఉండదు, తుడవలేక చేతులు నొప్పి పుడతాయి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు తగలనీయకండి, తెల్లగా పేరుకుంటుంది. కార్నౌబాను పొడిబారగానే తుడిచేయవచ్చు. సీలెంట్‌ను తుడిచాక కూడా రాత్రంతా తడి, మంచు తగలకుండా ఉంచాలి. గొలుసులు ముడిపడడానికి ఆ వ్యవధి కావాలి. రెండూ కావాలంటే ముందు సీలెంట్, మర్నాడు దాని మీద కార్నౌబా. తిరగేస్తే సీలెంట్ పెయింట్‌ను కాకుండా మైనాన్ని పట్టుకుంటుంది, దాంతోపాటే ఊడిపోతుంది.

ఎంత మంచిది పూసినా పాడు చేసేది కడగడమే. ఊరి బయట ఒక వాటర్ సర్వీస్‌లో మా తెల్ల బండికి కొట్టిన నురగ నీళ్లు లిట్మస్ కాగితాన్ని చిక్కటి నీలం చేశాయి. అంత ఘాటైన క్షారం ముందు కార్నౌబా నిలవదు, సీలెంట్ వయసూ తగ్గుతుంది. గిన్నెలు తోమే ద్రవం కూడా వద్దు. కార్ల షాంపూతో ఇంట్లోనే కడుక్కోండి. బోరు నీళ్లయితే ఎండలో అస్సలు వదిలేయవద్దు. వ్యాక్స్ మీద నీళ్లు గుండ్రటి బొట్లుగా నిలబడతాయి, ఆరిపోతే ఒక్కో బొట్టు చోట తెల్లటి సున్నపు వలయం మిగులుతుంది. వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. మిగిలిన వలయాలకు వెనిగర్‌లో సగానికి సగం ఆర్వో నీళ్లు కలిపి తుడిచి, కడిగేస్తే సరి.

ఆయుధ పూజ గురించి కూడా ఒక మాట. పసుపు, కుంకుమ పెట్టకుండా మన ఇళ్లలో బండి కదలదు, పెట్టాల్సిందే. ముందు రోజే వ్యాక్స్ ఉండేలా చూసుకుంటే మర్నాడు తడిగుడ్డకు వచ్చేస్తుంది. పొడి గుడ్డతో రుద్దితే కుంకుమ రేణువులు గీతలు పెడతాయి. తెలుపు మీద పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే పసుపు గుణమే అంత. భయపడకండి. కడిగి ఎండలో పెట్టండి, పసుపులోని కర్క్యుమిన్ వెలుగుకు విరిగిపోయి మరక తనంతట తాను వెలిసిపోతుంది. బండిని ఎండలో పెట్టమని నేను చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే.

మా కాలేజీ పిల్లలు బైకుల గురించి కూడా అడుగుతుంటారు. నిగనిగలాడే ట్యాంకుకు పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, ఎండలో నిలిపే బైకుకు సీలెంటే. మ్యాట్ రంగు బండికి మాత్రం కార్నౌబా వద్దు, మామూలు సీలెంట్ వద్దు, పాలిష్ అసలే వద్దు. ఆ గరుకుదనంలోకి మైనం దిగితే అక్కడక్కడా మెరుస్తూ మచ్చలు పడతాయి. మ్యాట్ పెయింట్ కోసమని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. అదీ దొరక్కపోతే షాంపూతో కడిగి, తడి లేకుండా తుడిచి, గుడ్డ కవరు కప్పండి.