విలన్‌ని తిట్టి తెచ్చుకున్న ఆరు మార్కులు

బెంగళూరు బీటీఎం లేఔట్‌లో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటూ ఇంగ్లిష్ లిటరేచర్‌తో నెట్‌కి (కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్షకి), దాంతోపాటు ఒక యూనివర్సిటీ పీహెచ్‌డీ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అయ్యాను. సీటు వచ్చింది. నెట్ గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు: మూడు గంటలు, 150 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ వదలొద్దు. నేను చెప్పాలనుకున్నది ఎంట్రన్స్‌లోని డిస్క్రిప్టివ్ పేపర్ గురించి, అందులోనూ నన్ను ఏడిపించిన ఒక్క ప్రశ్న గురించి. సస్పెన్స్ కథలో దుష్టపాత్రను రచయిత ఎలా తీర్చిదిద్దుతాడో ఒక కథ ఆధారంగా రాయమంటారు.

ప్రాక్టీసుకి బ్రిటిష్ రచయిత రోఆల్డ్ డాల్ రాసిన ‘ది ల్యాండ్‌లేడీ’ తీసుకున్నాను. 1959లో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన కథ. పదిహేడేళ్ల బిల్లీ వీవర్ ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌లోని బాత్ అనే ఊరికొచ్చి, ఒకావిడ ఇంట్లో గది తీసుకుంటాడు. ఆ ఇంటావిడే విలన్. గదికొచ్చిన కుర్రాళ్లను విషమిచ్చి చంపి, లోపల కూరి బొమ్మల్లా స్టఫ్ చేసి దాచుకుంటుందని చదివేవాళ్లకు మెల్లగా అర్థమవుతుంది. ఇంకేం, థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) ముందేసుకుని ఈవిల్, శాడిస్టిక్, సైకోపాత్, డయబాలికల్ అంటూ మూడు పేజీలు నింపేశాను. మా సీనియర్ అక్కది కర్నూలు. ఆ జవాబు చదివి పదిహేనుకి ఆరు వేసింది.

“తిట్టడం అయిందా? ఇప్పుడు ఆవిడ క్రూరంగా ప్రవర్తించిన ఒక్క లైను చూపించు.”

పుస్తకం తిరగేశాను. ఎక్కడా లేదు. ఆవిడ ఒక్క కటువు మాట అనదు. ఆవిడ ఎవరినైనా చంపినట్టు డాల్ చూపించడు. సైనైడ్ అన్న మాటే రాదు.

“మేడిపండు చూడ మేలిమై ఉండు అని నువ్వే అంటావు. ఈ కథలో మేడిపండు పొట్ట ఎక్కడ విప్పాడ్రా? విప్పకుండానే పురుగులున్నాయని నీకెలా తెలిసింది? అది రాయి,” అంది.

ఆ రాత్రి పీజీకి వెళ్తే ఓనర్ ఆంటీ ఈ నెలే పెట్టిన కొత్త రిజిస్టర్ తెరిచి కూర్చుంది. పేరు, ఊరు, ఆధార్ నంబరు అందరూ మళ్లీ రాయాలట. రాస్తూ పై పేర్లు చూశాను. కడప, రాజమండ్రి, హిందూపురం, ఒకటి భువనేశ్వర్. నెల తిరక్కుండానే పేజీ నిండింది. కొన్నిటి పక్కన అప్పుడే ఎర్ర ఇంకుతో ‘వెకేటెడ్’. అప్పుడు తట్టింది. బిల్లీ సంతకం పెట్టే పుస్తకంలో ఉన్నవి రెండే పేర్లు, అవీ రెండేళ్లు దాటినవి. అంత చవకైన, అంత శుభ్రమైన ఇంటికి మనుషులే రారా? ఇది భయంకరమైన ఇల్లని డాల్ ఎక్కడా అనలేదు. రిజిస్టర్ తెరిచి చూపించి ఊరుకున్నాడు.

“టీ తాగుతావా బాబూ?” అంది ఆంటీ. ఒక్క క్షణం తటపటాయించి, వాసన చూసి మరీ తాగాను. పాపం, ఆవిడ అల్లం ఎక్కువేస్తుంది, అంతే.

మర్నాడు కబ్బన్ పార్కులోని ఎర్రటి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని పెన్సిలుతో కథ మళ్లీ చదివాను. బెల్లు మీద వేలు తీయకముందే తలుపు తెరుచుకుంటుంది. హాల్లో ఒక్క కోటు గానీ టోపీ గానీ వేలాడదు. చలిమంట ముందు పడుకున్న కుక్కను ముట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉంటుంది. చచ్చిపోయిన పెంపుడు జీవాలను తానే స్టఫ్ చేసుకుంటానని ఆవిడ మురిసిపోతూ చెబుతుంది. టీలో చేదు బాదం రుచి, అంటే సైనైడ్ గుర్తు. నాకు అన్నిటికన్నా ఒళ్లు జలదరించింది మాత్రం ఇంకో చోట. బిల్లీ పేరు ఆవిడకు గుర్తుండదు, ముందొచ్చిన వాళ్ల పేర్లకూ పుస్తకం చూసుకోవాల్సిందే. కానీ ఒకతని చర్మం పసిపిల్లాడిదిలా మచ్చలేకుండా ఉండేదని గుర్తుంది! బిల్లీ పళ్లు ఎంత తెల్లగా ఉన్నాయో చూస్తుంది. మనిషి పేరుతో ఆవిడకు పనిలేదు, పైతోలు బాగుంటే చాలు. నా జవాబుకు ఇదే వెన్నెముక అయింది.

థియరీ దగ్గర కక్కుర్తి పడకండి, రెండు ముక్కలు చాలు. కథలు ఎలా చెబుతారో పరిశీలించిన సిద్ధాంతకర్త రిమ్మన్-కెనాన్ 1983 పుస్తకంలో పాత్రచిత్రణను రెండుగా విడదీస్తుంది: పాత్ర ఎలాంటిదో నేరుగా చెప్పేయడం ఒకటి, చేసే పనులు, మాట, రూపం, పరిసరాల ద్వారా పట్టివ్వడం ఇంకొకటి. డాల్‌ది రెండోది. ఇక సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు. టేబుల్ కింద బాంబుందని ప్రేక్షకుడికి తెలుసు, కబుర్లాడుకునేవాళ్లకు తెలియదు, అదీ సస్పెన్స్. ఇక్కడ బాంబు టీ కప్పులో ఉంది, తాగే బిల్లీకి తెలియదు, మనకు మాత్రం తెలిసిపోతూ ఉంటుంది. పోలికకు అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో రాసిన ‘ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో’ ఒక్క వాక్యంలో తెచ్చాను. అందులో కథ చెప్పే మాంట్రెసార్ పగ తీర్చుకుంటానని మొదటి పేరాలోనే చెప్పేస్తాడు, అయినా బలయ్యేవాడి దగ్గును అంత ఆప్యాయంగా పట్టించుకుంటుంటే మనకు దడ మొదలవుతుంది. అంతకు మించి రాస్తే రెండు కథల సారాంశం అవుతుంది, సారాంశానికి మార్కులు రావు.

రెండోసారి అక్క పదకొండు వేసింది. ముగింపులో మళ్లీ ‘సైకోపాత్’ కనిపించిందని ఒకటి కోసిందట.

అసలు పరీక్షలో ప్రశ్న కాస్త మెలితిప్పి, ఇంటి వాతావరణం పాత్రను ఎలా పట్టిస్తుందని వచ్చింది. రిజిస్టరుతోనే మొదలుపెట్టాను. ఇంకో పది నిమిషాలే ఉన్నాయని ఇన్విజిలేటర్ అరిచేసరికి టెన్షన్‌లో చివరి పేరాలో ‘ఈవిల్’ అని రాయబోయాను. మొదటి అక్షరం పడింది కూడా. దాన్ని కొట్టేసి, పక్కన కుక్క వీపు ఎంత చల్లగా ఉందో రాశాను.