అట్లకాడ పాదం: నా అనుభవం

బరంపురంలో 26 ఏళ్లుగా సిమెంటు నేల మీద నిలబడి పాఠాలు చెబుతున్నాను. గత చలికాలం నుంచి పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే చాలు, ఎడమ మడమలో మేకు దిగినట్టుండేది. ఎముకల డాక్టరుగారు చూసి, మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఉండే పట్టీ వాచిందనీ, పాదం చదునుగా ఉందనీ చెప్పి, కొలతలిచ్చి ఇన్‌సోల్, అంటే బూటు లోపల అరికాలి కింద పెట్టుకునే అట్ట, చేయించుకోమన్నారు.

కొలతకని మా ఊళ్లోనే ఒక దుకాణానికి వెళ్లాను. అద్దం బిగించిన యంత్రం మీద నన్ను నిలబెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకోమన్నారు. పగుళ్లతో సహా నా రెండు అరికాళ్లూ గోడ మీది పెద్ద తెర మీద ప్రత్యక్షమయ్యాయి. బెంచీ మీద కూర్చున్న నలుగురూ తలలెత్తి చూశారు. ఎవరో ముసలాయన కళ్లజోడు కూడా సర్దుకున్నారు. నేను మొదటి నుంచీ ఒడియాలోనే మాట్లాడినందువల్ల కాబోలు, పని కుర్రాడు పక్కవాడితో నింపాదిగా తెలుగులో, "ఒరే, పాదమేటిరా, అట్లకాడనాగుంది" అన్నాడు. "అట్లకాడే బాబూ, దాంతోనే నీలాంటివాళ్లకు వందలమందికి ఎక్కాలు నేర్పాను" అని తెలుగులోనే జవాబు చెప్పాను. వాడి ముఖం మాడిపోయింది, నా కసి తీరింది. కానీ ఆ సిగ్గులో, కోపంలో అడగవలసినవేవీ అడగకుండా 6,500 రూపాయలు కట్టి బయటపడ్డాను. కొలత తీసిన అరగంటకే ఇన్‌సోళ్లు చేతికి ఎలా వచ్చాయన్న ఆలోచన కూడా రాలేదు.

నెలన్నర వాడినా మడమ అలాగే ఉంది, పైగా మోకాలు కూడా పట్టేసింది. అప్పుడు కటక్ జిల్లా ఒలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థకు వెళ్లాను. 1975లో కృత్రిమ అవయవాల శిక్షణ కోసం మొదలైన సంస్థ అది. ముందు రైలు, తరువాత బస్సు.

అక్కడ నన్ను చూసిన ఆర్థోటిస్టు, అంటే కాళ్లూ చేతులకు ఊతమిచ్చే పరికరాలు చేసే నిపుణురాలు, మొదట నా పాత చెప్పులు అడిగి తీసుకొని, లోపలి అంచు ఎలా అరిగిందో నాకే చూపించింది. తరువాత ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తమంది. కుడి మడమ లేచింది కానీ ఎడమ మడమ సగంలోనే ఆగిపోయింది. పాదం వంపును పట్టి ఉంచే స్నాయువు ఆ వైపు బలహీనపడిందట. దుకాణం ఇన్‌సోళ్లను తిరగేసి, రెండింటి అడుగునా అచ్చులో పడిన 8 అనే సైజు అంకె చూపించింది. అవి అచ్చు పోసిన రెడీమేడ్ సరుకు. మడమ నొప్పి ఒక్కటే అయితే చాలామందికి రెడీమేడ్‌వి కూడా పనిచేస్తాయని ఆమే చెప్పింది. కాబట్టి నా కోపం రెడీమేడ్ సరుకు మీద కాదు, దాన్ని కొలిచి చేసినదని చెప్పి అమ్మిన నోటి మీద.

కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుతూ, మెత్తని నురుగు దిమ్మెలోకి పాదాన్ని దింపింది. గోపాల్‌పూర్ ఒడ్డున తడి ఇసుకలో కాలు దిగినట్టే ఉంది. ఆ గుంటలో ప్లాస్టర్ పోసి, వచ్చిన పాదం అచ్చు మీద ఇన్‌సోల్ తయారు చేస్తారు. ఇన్‌సోల్ చదును పాదానికి కొత్త వంపు తెచ్చిపెట్టదనీ, తొడుక్కున్నంతసేపు బరువును సర్ది పట్టీ మీద లాగుడు తగ్గిస్తుందనీ, పిక్కలు సాగదీసే వ్యాయామం మానకూడదనీ మరీ మరీ చెప్పింది.

మీరూ చేయించుకోదలిస్తే, చేసేవారికి, ఇలాంటి నిపుణులను నమోదు చేసే భారత పునరావాస మండలి ఇచ్చిన నమోదు సంఖ్య ఉందేమో మొహమాటపడకుండా అడగండి. మధుమేహం ఉంటే అరికాలి స్పర్శను నైలాన్ పోగుతో పరీక్షించకుండా ఏ ఇన్‌సోలూ కొనవద్దు, ఎందుకంటే స్పర్శ లేని చోట ఒరిపిడి పుండయ్యేదాకా తెలియదు. మొదటి రోజు గంటసేపే వేసుకొని, రోజుకు కొంచెం చొప్పున పెంచండి. మడమ భాగం గట్టిగా ఉండి, లోపలి అట్ట ఊడివచ్చే బూట్లు కావాలి. చీర మీద బూట్లేమిటని మా అత్తగారు వారం రోజులు ముఖం తిప్పుకున్నారు. పిల్లలు మాత్రం రెండో రోజుకే మరిచిపోయారు.

ఇప్పుడు మూడో నెల. పొద్దున్న గోడ పట్టుకోకుండానే వంటింటి దాకా నడుస్తున్నాను. ఎడమ ఇన్‌సోల్ లోపలి అంచు కాస్త ఒరుసుకుంటోంది. దాన్ని గీకించుకోవడానికి వచ్చే శనివారం మళ్లీ ఒలట్‌పూర్ ప్రయాణం పెట్టుకున్నాను.