ఎర్ర లైటు కింద ఇసుక

నేను పనిచేసే గదికి కిటికీ లేదు. మసకగా వెలిగే ఎర్ర లైటు ఒకటి, అంతే. ఆస్ట్రేలియాకు వచ్చి నాలుగేళ్లయింది. పని గంటల్లో సగం ఆ చీకట్లోనే గడిచాయి. ఆదిమానవులు బతికిన చోట్ల నుంచి తెచ్చిన మట్టికి వయసు కట్టే ల్యాబ్ మాది.

తవ్విన గోడలోకి స్టీలు ట్యూబ్ దిగగొట్టి, రెండు మూతులూ బిగించి, వెలుతురు తగలకుండా నల్ల కవర్లో చుట్టి పంపుతారు. ఎర్ర లైటు కింద విప్పి, రెండు చివర్ల మట్టి తీసి పక్కన పెడతాను. దానికి ఎండ తగిలి ఉంటుంది, వెలుతురు తగిలిన మట్టికి వయసు కట్టలేం. నడిమి మట్టిని జల్లెడ పట్టి, యాసిడ్‌తో సున్నం, పెరాక్సైడ్‌తో ఆకుల కుళ్లు పోగొడతాం. చివర్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. ఎముక దాకా తినేసే యాసిడ్ అది. చేతికి రెండు జతల గ్లౌజులు, అందేంత దూరంలో కాల్షియం జెల్. ఆ నలభై నిమిషాలు ఎవరం మాట్లాడుకోం. ఇంతా చేస్తే మిగిలేది చిటికెడు క్వార్ట్జ్ ఇసుక.

ఆ ఇసుకను రూపాయి బిళ్ల కంటే చిన్న డిస్కు మీద పోసి, సన్న కుంచెతో తోస్తాను. డిస్కులో వంద గుంటలు, గుంటకో రేణువు. గాలి గట్టిగా వదిలినా ఎగిరిపోతాయి.

చేరిన రెండో నెలలో ఒక తప్పు చేశాను. ఫోన్ బయట పెట్టడం మర్చిపోయి లోపలికి వెళ్లాను. ట్రేలో ఇసుక పరిచి ఉండగా జేబులో ఫోన్ మోగింది. కంగారులో కట్ చేద్దామని బయటికి తీశాను. గదంతా తెల్లటి వెలుగు. స్క్రీన్ మీద 'అమ్మ' అని ఉంది. అక్కడ పొద్దున ఎనిమిది, ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, వంట ముగించి రోజూ చేసే కాలే అది. ట్రేలో ఉన్న ఇసుక వయసు కట్టడానికి పనికిరాకుండా పోయింది. రేడియేషన్ కొలతకు మాత్రం పక్కన పెట్టాం. నా పైన పనిచేసే ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, ల్యాబ్ పుస్తకంలో తేదీ వేసి జరిగింది రాసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. వీసా టెన్షన్ సరేసరి, వేల ఏళ్లు వెలుతురు చూడని ఇసుకను ఒక్క క్షణంలో పాడుచేశానన్న బాధ అంతకన్నా పెద్దది. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

ఈ దేశపు ఉత్తర కొసన, మిరార్ అనే ఆదివాసుల నేల మీద మజెడ్‌బెబె ఉంది. మనుషులు తలదాచుకునేలా వాలిన బండ కింది చోటు అది. అక్కడ మనుషులు సుమారు 65 వేల ఏళ్ల క్రితమే ఉన్నారని 2017లో ప్రకటించారు. అందుకోసం 28 వేలకు పైగా రేణువులను విడివిడిగా కొలిచారు. పేపర్లో ఒక్క లైను వార్త. దాని వెనక ఎన్ని గుంటలు, ఎన్ని కుంచెలు అని ఈ పనిలో ఉన్న నాకే తడుతుందేమో.

అక్కడి రాతి పనిముట్లను పరిశోధించిన పురావస్తు శాస్త్రవేత్త క్రిస్ క్లార్క్‌సన్ మా వైపూ వచ్చి పనిచేశారని తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది. మాది బనగానపల్లె దగ్గర పల్లె. జ్వాలాపురం మాకు దూరం కాదు. ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల క్రితం పేలినప్పుడు కొట్టుకొచ్చిన బూడిద అక్కడ రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్ బృందం తవ్వితే బూడిద కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో చెప్పిన లెక్క ప్రకారం కింది మట్టికి సుమారు 77 వేల ఏళ్లు, పైదానికి 74 వేలు. అటూ ఇటూ ఆరేడు వేల ఏళ్ల తేడా ఉండొచ్చు. ఆ పనిముట్లు చేసింది ఎవరో చెప్పే ఎముక ఒక్కటీ దొరకలేదు, వాదన నడుస్తూనే ఉంది. కానీ అంత ఉత్పాతం తర్వాత కూడా ఆ లోయలో మనుషులు రాయి చెక్కుకుంటూ ఉన్నారన్న మాట నాకు చాలా ఇష్టం.

పోయినసారి సెలవుకి వెళ్లినప్పుడు నాన్నను తీసుకుని అక్కడికి పోయాను. నాన్న ముప్పై ఏళ్లు నాపరాళ్ల గనిలో పనిచేశాడు. చిటికెడు బూడిద తీసి వేళ్ల మధ్య నలిపి, "పిండి మాదిరి ఉంది గదమ్మా" అన్నాడు.

"దీని కింది ఇసుకకి వయసు ఎట్ల తెలుస్తాది?"

"మట్టిలో పూడినాక చుట్టూ ఉండే మన్ను నుంచి రేడియేషన్ కొంచెం కొంచెం ఇసుకలో చేరతాది నాన్నా. ఎండ తగిలితే అంతా పోతాది. ల్యాబ్‌లో కాంతి వేస్తే ఆ చేరింది సన్న వెలుగై బయటికొస్తాది. మొత్తం ఎంత చేరిందో చూసి, వెయ్యేళ్లకు ఎంత చేరతాదో దాంతో భాగిస్తాం."

నాన్న కాసేపు ఆ గోడను చూశాడు. తర్వాత తువ్వాలు తీసి, పైనుంచి రాలిన బూడిదను ఆ ఇసుక పొర మీది నుంచి మెల్లగా దులిపాడు.

"అయితే దీన్ని ఇప్పుడు మనం చూచ్చాంటే కూడా చెడిపోతాదా?"

"పైపై మన్ను ఎప్పుడో చెడిపోయింది నాన్నా. లోపలిది బాగానే ఉంటాది."

"ఎంత లోపల?"

జానెడు చూపించాను.