సెలవుపై వచ్చి ముక్కు కుట్టించుకునేవాళ్లకు

కువైట్ నుంచి నలభై రోజుల సెలవుకొచ్చిన చిత్తూరువాళ్లు ముక్కుపుడక పనిని ప్రయాణం ముందురోజుకు నెట్టేస్తుంటారు. తిరుపతిలో సామాన్లు కొనేటప్పుడు అదీ కానిచ్చేస్తారు. అలా వద్దు, దిగిన మొదటి వారంలోనే కుట్టించుకోండి. చెవితమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. ముక్కుకు నాలుగు నుంచి ఆరు నెలలు, చెవి పైభాగానికి ఒక్కోసారి ఏడాదీ పడుతుంది. పని దగ్గర పుడక తీసేయమంటే పచ్చి రంధ్రం గంటల్లోనే పూడిపోతుంది.

అంగట్లో ముందు సూది చూడండి. లోపల బోలుగా ఉన్న సూది, సీలు కవరులో, తేదీ దాటకుండా ఉండాలి. మీ కళ్లముందే చించాలి. పనిముట్లను ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పెట్టెలో, 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి ఉండాలి; ఆ కవరు మీది గుర్తు రంగు మారి కనిపిస్తుంది. డెటాల్‌లో ముంచడం, నీళ్లలో మరిగించడం చాలవు. గ్లౌజులతో ఫోన్ ముట్టుకుంటే మార్చమనండి, మొహమాటం వద్దు.

సూది కాకుండా దుద్దును నొక్కి దూర్చే గన్ అయితే లేచి వచ్చేయండి. దాని ప్లాస్టిక్ ఆటోక్లేవ్ వేడికి ఆగదు కాబట్టి స్పిరిట్‌తో తుడిచి సరిపెడతారు. పైగా దుద్దు మొన మొద్దు, చర్మాన్ని నలిపేస్తూ దూరుతుంది.

ఇంకొకరికి వాడిన సూదితో హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ అంటుకోవచ్చు. గల్ఫ్‌కు కొత్త వీసాపై వెళ్లేముందు చేసే మెడికల్ పరీక్షలో వీటినీ చూస్తారు. తిరకాసేమంటే, హెపటైటిస్ సీ యాంటీబాడీలు బయటపడటానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. ఇక్కడ ఫిట్ అయినవాళ్లు అక్కడ దిగాక చేసే పరీక్షలో అన్‌ఫిట్ కావచ్చు.

పుడక చేసే కంసాలి ఆచారి పనితనాన్ని అనడం లేదు గానీ, 22 క్యారెట్ల తీగ మెత్తన, గీతలు పడి మురికి పట్టుకుంటుంది. వన్ గ్రామ్ గోల్డ్ అసలే వద్దు, పూత లేచిపోతుంది. ఒంట్లో అమర్చే ఇంప్లాంట్లకు వాడే ఎఫ్‌136 రకం టైటానియం గానీ నికెల్ లేని 14, 18 క్యారెట్ల బంగారం గానీ మేలు. మొదటి పుడక కాడ కాస్త పొడుగుండాలి. బిగుతుగా శీల తిప్పితే వాపుకు పుడక లోపలికి కూరుకుపోతుంది.

కొండకు మొక్కుంటే పుష్కరిణి స్నానం ముందు, ముక్కు తర్వాత. మానేదాకా మునకలొద్దు. మందుల షాపులో దొరికే 0.9 శాతం సలైన్‌తో (ఉప్పునీళ్ల ద్రావణంతో) రోజుకు రెండుసార్లు తడపండి. పసుపు, కొబ్బరినూనె పూయొద్దు, పుడక తిప్పొద్దు. చీము, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి గానీ పుడక మీరే పీకొద్దు, పైన పూడి చీము లోపలే నిలుస్తుంది.