ప్రశ్నార్థకాలుగా మారిన పుస్తకాలు: పీహెచ్‌పీతో నా అనుభవం

మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితా అంతా ఒక పొడవాటి రిజిస్టరులో ఉండేది. అట్ట ఊడితే దారంతో కుట్టి వాడుతున్న రిజిస్టరు అది. ఎవరైనా ఒక పుస్తకం అడిగితే గ్రంథపాలకుడు వేలు ఆనించి వరస వెంట వెతుక్కుంటూ పోయేవారు. ఆ జాబితాను కంప్యూటర్లోకి ఎక్కించి, పేరు కొట్టగానే పుస్తకం ఏ బీరువాలో ఉందో చూపించే పేజీ చేసిపెట్టాలని నాకు అనిపించింది. నేను బడిలో లెక్కలు చెబుతాను. ప్రోగ్రామింగ్ ఎప్పుడూ చదువుకోలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడిని అడిగితే, "పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో మొదలుపెట్టండి మామయ్యా, తక్కువ ధర హోస్టింగులో కూడా నడుస్తాయి" అన్నాడు. పీహెచ్‌పీ వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ వివరాలను పట్టికల్లో దాచే డేటాబేసు, హోస్టింగంటే మన సైటును ఉంచే అద్దె సర్వరు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. అపాచీ అనే వెబ్ సర్వరునూ, పీహెచ్‌పీనీ, డేటాబేసునూ కలిపి ఇచ్చే జాంప్‌ను కంప్యూటర్లో వేసుకుని, పాఠంలో ఉన్న నాలుగు లైన్లు రాసి, ఆ ఫైలును బ్రౌజరులోకి లాగి తెరిచాను. నేను రాసిన కోడ్ ఉన్నది ఉన్నట్టుగా కనిపించింది. పీహెచ్‌పీని చదివేది బ్రౌజరు కాదు, సర్వరు అన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. ఫైలును హెచ్‌టీడాక్స్ ఫోల్డరులో పెట్టి, చిరునామా పట్టీలో లోకల్‌హోస్ట్ అని కొట్టి దాని ద్వారా తెరవాలి. అపాచీ ఆ ఫైలును పీహెచ్‌పీకి అప్పగిస్తుంది, పీహెచ్‌పీ దాన్ని నడిపి హెచ్‌టీఎంఎల్ తయారుచేస్తుంది, బ్రౌజరుకు చేరేది ఆ హెచ్‌టీఎంఎల్ మాత్రమే. ఇది మనసుకు పూర్తిగా ఎక్కడానికి నాకు వారం పట్టింది. ఆ వారం వృథా పోలేదు. తర్వాతి చిక్కుల్లో సగం ఈ దారి తెలిసినందువల్లే విడిపోయాయి.

డేటాబేసుతో కలపబోతే, నేను పిలిచిన ఫంక్షనే లేదని ఎర్రర్ వచ్చింది. అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాను, ఎక్కడా తేడా లేదు. పాతబడింది పాఠమే. మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ వంటి ఫంక్షన్లను 2013లో వచ్చిన 5.5 వెర్షనులోనే వాడొద్దని చెప్పారు, 2015 డిసెంబరులో వచ్చిన 7.0 నుంచి పూర్తిగా తొలగించారు. డేటాబేసుతో మాట్లాడటానికి ఇప్పుడు పీడీఓ గానీ మైఎస్‌క్యూఎల్‌ఐ గానీ వాడాలి. నేను పీడీఓ ఎంచుకున్నాను. ఏ పాఠం తెరిచినా అది ఏ వెర్షనుకు రాసినదో ముందు చూసుకోవడం ఆ రోజు నుంచి మొదలుపెట్టాను.

ఫారం పంపకముందే పేజీలో కనిపించిన హెచ్చరికలు, లేని విలువను అడిగినందుకు వచ్చేవి, తేలికగానే పోయాయి. విలువ ఉందో లేదో ఇసెట్ ఫంక్షనుతో చూడటం, లేదా రెండు ప్రశ్నార్థకాల గుర్తుతో బదులు విలువ ఇవ్వడం చాలు. కానీ అసలు ప్రశ్నార్థకాలు వేరే చోట కాచుకుని ఉన్నాయి.

రెండు సాయంత్రాలు కూర్చుని 140 పుస్తకాల వివరాలు ఎక్కించాను. మూడో రోజు జాబితా పేజీ తెరిస్తే బీరువా నంబర్లు సరిగ్గా ఉన్నాయి, ధరలు ఉన్నాయి, పేర్లున్న చోట మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. డేటాబేసును బ్రౌజరులో చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో నేరుగా పట్టికనే తెరిచి చూశాను, అక్కడా ప్రశ్నార్థకాలే. ఆ పట్టిక తయారుచేసే ఆదేశాన్ని కూడా నేను ఆ పాత పాఠం నుంచే తీసుకున్నాను. అందులో అక్షర సముదాయం లాటిన్1 అని ఉంది, వరస క్రమం స్వీడిష్ అని ఉంది. మైఎస్‌క్యూఎల్ స్వీడన్‌లో పుట్టింది కాబట్టి చాలాకాలం అదే దాని డిఫాల్టు. ఆ సముదాయంలో తెలుగు అక్షరాలకు చోటే లేదు. చోటు లేని ప్రతి అక్షరం బదులూ ఒక ప్రశ్నార్థకం రాసుకుంది. సర్వరు కఠిన పద్ధతిలో ఉండి ఉంటే మొదటి పుస్తకం దగ్గరే ఎర్రర్ చూపి ఆగిపోయేది. నా కంప్యూటర్లో ఆ పద్ధతి ఆపి ఉంది కాబట్టి 140 పుస్తకాలనూ నిశ్శబ్దంగా మింగింది.

పట్టికను తెలుగుకు చోటున్న యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర సముదాయానికి మార్చితే పోయిన పేర్లు తిరిగి వస్తాయని ఆశపడ్డాను. రాలేదు. అక్కడ ఇక ఉన్నది నిజమైన ప్రశ్నార్థకాలే. మళ్లీ రిజిస్టరు తెచ్చుకుని మొదటి నుంచీ ఎక్కించాను. తెలుగులో సైటు చేసే ప్రతివారికీ నేను ముందు చెప్పేది ఇదే: ఒక్క వాక్యం దాచకముందే పట్టిక యూటీఎఫ్8ఎంబీ4లో ఉందో లేదో చూడండి. ఎంబీ4 లేని ఉత్త యూటీఎఫ్8 అక్షరానికి మూడు బైట్ల వరకే చోటిస్తుంది. తెలుగుకు అది సరిపోతుంది, కానీ వ్యాఖ్యలో ఎవరైనా ఒక ఎమోజీ పెడితే నాలుగో బైటు కావాలి.

ఈ బైట్ల లెక్క నాకు ఇంకోసారి ఎదురైంది. జాబితాలో ఒక్కో పుస్తకం కింద పరిచయం మొదటి ముక్క మాత్రం చూపించాలనుకుని మాటను కత్తిరించే సబ్‌స్ట్ర్ ఫంక్షను వాడాను. కొన్ని పరిచయాల చివర నల్లటి వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంది. మళ్లీ డేటా పోయిందేమోనని గుండె దడదడలాడింది. పోలేదు. పీహెచ్‌పీ మామూలు ఫంక్షన్లు లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. ఒక్కో తెలుగు సంకేతం యూటీఎఫ్8లో మూడు బైట్లు. నా కత్తిరింపు సరిగ్గా ఒక సంకేతం నడుమన పడింది.

నేను లెక్కల మనిషిని కాబట్టి "తెలుగు" అన్న మాటనే తీసుకుని కొలిచి చూశాను. బైట్లు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్ 18 అంది. సంకేతాలు లెక్కపెట్టే ఎంబీ_స్ట్ర్‌లెన్ 6 అంది. మనం వేళ్ల మీద లెక్కపెడితే తె, లు, గు అని మూడే. 6 ఎలా వచ్చిందంటే, త ఒకటి, దాని మీది ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, ఇలా హల్లునూ గుణింతపు గుర్తునూ యూనికోడ్ విడివిడిగా దాస్తుంది. అందుకే ఎంబీ_సబ్‌స్ట్ర్‌తో అయిదు తీసుకుంటే "తెలుగ" అని వచ్చింది. వజ్రం రాలేదు, మాట మాత్రం విరిగింది. మన లెక్కకు సరిపోయినది గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్. అది 3 అంది. దాని జంట గ్రాఫీమ్_సబ్‌స్ట్ర్ గుణింతాన్ని హల్లు నుంచి విడదీయదు. ఇవి ఇంటిల్ అనే పొడిగింపులో ఉంటాయి. పీహెచ్‌పీ.ఐఎన్ఐ ఫైలులో ఆ పేరున్న లైను ముందు సెమీకోలన్ ఉంటే తీసేసి, అపాచీని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ 3 చూసిన క్షణాన నాకు కలిగిన సంతోషం బడిలో మొండి లెక్క తేలినప్పటి సంతోషం కన్నా తక్కువ కాదు.

ఈ మధ్యలో ఒక ఇంగ్లిషు పుస్తకం పేరు ఎక్కిస్తే ఎస్‌క్యూఎల్ (డేటాబేసుకు ఆదేశాలిచ్చే భాష) ఎర్రర్ వచ్చింది. ఆ పేరులో ఒక అపాస్ట్రఫీ ఉంది. నేను ఫారంలోని మాటను ఆదేశంలో అలాగే అతికిస్తున్నాను కాబట్టి, ఆ గుర్తు దగ్గర మాట ముగిసిందని డేటాబేసు అనుకుంది. మేనల్లుడికి చెబితే గొంతు మారింది. "మామయ్యా, పొరపాటున పడిన గుర్తే ఆదేశాన్ని విరిచిందంటే, కావాలని రాసేవాడు మీ పట్టికనే తుడిచేయగలడు" అన్నాడు. ఆ రాత్రే అన్ని ఆదేశాలనూ పీడీఓ ప్రిపేర్ పద్ధతిలోకి మార్చాను. ఆదేశాన్నీ విలువలనూ విడివిడిగా ఇస్తాం, విలువ ఎప్పటికీ ఆదేశంగా మారదు. ఇది తరువాత నేర్చుకోవచ్చు అనుకునే విషయం కాదు. మొదటి పాఠంలోనే ఉండవలసింది.

ఇంట్లో అంతా నడిచాక హోస్టింగులోకి ఎక్కించాను. తెల్ల కాగితంలా ఖాళీ పేజీ వచ్చింది. ఇంట్లో ఎర్రర్లు తెర మీదే కనిపించేవి, బయటి సర్వరులో వాటిని దాచిపెడతారు. చూసేవారికి లోపలి దారులు తెలియకూడదు కాబట్టి అలా దాచడమే సరైనది. మరి మనం ఎక్కడ చూడాలి? "ఎర్రర్ లాగ్ తెరిచారా?" అని మేనల్లుడు అడిగేదాకా అలాంటి ఎర్రర్ల చిట్టా ఒకటుందని నాకు తెలియదు. తెరిస్తే చివరి లైనులోనే జవాబుంది: కాన్ఫిగ్ ఫైలు దొరకలేదు. ఫైలు పేరు పెద్ద సీతో మొదలవుతుంది, కోడ్‌లో చిన్న సీ రాశాను. విండోస్‌కు ఆ రెండూ ఒకటే. లినక్స్‌కు వేర్వేరు.

అది దిద్దితే లాగిన్ మొరాయించింది. సరైన పాస్‌వర్డు ఇచ్చినా తర్వాతి పేజీకి వెళ్లదు. ఈసారి నేరుగా లాగ్ తెరిచాను. హెడర్లు అప్పటికే వెళ్లిపోయాయనీ, ఫలానా ఫైలు 1వ లైనులోనే అవుట్‌పుట్ మొదలైందనీ ఉంది. ఉత్తరం డబ్బాలో వేశాక కవరు మీద చిరునామా దిద్దలేం కదా. వేరే పేజీకి పొమ్మనే మాట హెడరులో వెళ్లాలి, హెడరు పేజీలోని మొదటి అక్షరం కన్నా ముందు వెళ్లాలి. కానీ నా 1వ లైనులో పీహెచ్‌పీ ఆరంభపు గుర్తు తప్ప ఏమీ లేదు. దాని ముందు కంటికి కనపడని మూడు బైట్లున్నాయి. బామ్ అంటారు. ఫైలులో తెలుగు మాటలున్నాయని నేను యూటీఎఫ్8గా దాచినప్పుడు ఎడిటరు వాటిని ముందు తగిలించింది. బామ్ లేని యూటీఎఫ్8గా మళ్లీ దాస్తే లాగిన్ తెరుచుకుంది. ఇంట్లో ఈ లోపం ఎందుకు బయటపడలేదంటే, అక్కడి అమరికలో పీహెచ్‌పీ 4096 బైట్ల వరకు అవుట్‌పుట్‌ను పట్టి ఉంచేది. బయటి సర్వరులో ఆ ఏర్పాటు లేదు.

చివరికి జాబితా పేజీ తెరిచాను. మళ్లీ ప్రశ్నార్థకాలు.

ఈసారి కంగారుపడలేదు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో పట్టిక తెరిస్తే పేర్లన్నీ చక్కని తెలుగులో ఉన్నాయి. అంటే పాడైంది పట్టిక కాదు, మధ్య దారి. పీడీఓ కనెక్షనులో చార్‌సెట్ (అక్షర సముదాయం) ఏమిటో నేను రాయనే లేదు. రాయకపోతే సర్వరు డిఫాల్టు తీసుకుంటుంది. ఇంట్లో అది యూటీఎఫ్8ఎంబీ4, ఇక్కడ లాటిన్1. కనెక్షను లైనులో ఆ ఒక్క మాట చేర్చగానే జాబితా అంతా వెలిగింది, ఆరు పుస్తకాలు తప్ప. ఆ ఉదయమే గ్రంథపాలకుడు ఉత్సాహంగా వాటిని ఫారం ద్వారా ఎక్కించారు. వాటి పేర్ల చోట తలపై గీత ఉన్న ఇంగ్లిషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, కూడిక తీసివేత కలిసిన గుర్తు. తప్పుడు దారిన లోపలికి వెళ్లిన తెలుగు అలా కనిపిస్తుంది.

"మాస్టారూ, నేను తప్పుగా కొట్టానా?" అని ఆయన దిగులుగా అడిగారు. మీ తప్పు ఏమీ లేదండీ అని చెప్పి, రిజిస్టరు దగ్గరికి లాక్కుని ఆ ఆరింటినీ నేను మళ్లీ ఎక్కించాను. ఏడో పుస్తకం ఆయన ఎక్కించారు.