కెమ్నిట్జ్ జీతం, స్టుట్‌గార్ట్ జీతం

2024 మార్చిలో జర్మనీలోని కెమ్నిట్జ్ నగరంలో, కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యస్థాయి సంస్థ నాకు ఇచ్చిన ఒప్పంద పత్రంలో ఏడాది జీతం 40,200 యూరోలని ఉంది. అదే ఊరి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ పూర్తిచేసిన నాకు అది తక్కువ అనిపించలేదు. అయితే ఆ సంవత్సరం ఇంజినీర్లకు బ్లూ కార్డు, అంటే విదేశీ పట్టభద్రులు ఉద్యోగం చేసుకుంటూ ఉండడానికి ఇచ్చే అనుమతి, రావాలంటే కనీస జీతం 41,041 యూరోల 80 సెంట్లు ఉండాలి. ఆ 841 యూరోల 80 సెంట్ల కోసం మూడు వారాలు తిరిగాక, 41,100 అని దిద్దిన కాగితం నా చేతికి వచ్చింది. నాతో చదువుకొని, పశ్చిమ జర్మనీ వైపున్న స్టుట్‌గార్ట్ దగ్గర ఇటువంటి పనిలోనే చేరిన మిత్రుడికి ఆ నెలలోనే 56,000 ఇచ్చారు. వీసాకు పెట్టిన గీత దేశమంతటికీ ఒక్కటే. జీతాలు మాత్రం ఊరిని బట్టి ఉంటాయి. ఒకే పనికి ఇంత తేడా ఎందుకన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు.

జవాబులో సగం మా కొలతల గదిలోనే దొరికింది. నా పక్క బల్ల దగ్గర మైక్రోమీటరుతో పనిచేసే పెద్దావిడ, ఈ నగరం తూర్పు జర్మనీలో ఉండి, దీన్ని కార్ల్ మార్క్స్ స్టాట్ అని పిలిచిన రోజుల్లో ఒక యంత్రాల కర్మాగారంలో పని నేర్చుకున్నారు. 1990 జూలై 1న తూర్పు జర్మనీలోకి పశ్చిమ జర్మనీ కరెన్సీ అయిన మార్కు వచ్చి, జీతాలన్నీ ఒకటికి ఒకటి చొప్పున మారినప్పుడు అందరూ సంబరపడ్డారట. కానీ ఆ రోజు నుంచి వారి సరుకు ధర కూడా గట్టి మార్కుల్లోకి మారింది, కొనే తూర్పు ఐరోపా దేశాల దగ్గర ఆ మార్కులు లేవు. "సోవియట్ యూనియన్‌కు వెళ్ళవలసిన యంత్రాలు గ్రీజు పూసి చెక్కపెట్టెల్లో సర్దినవి సర్దినట్టే ఉండిపోయాయి" అని ఆవిడ చెప్పారు. 1991లో ఆవిడ ఉద్యోగం పోయింది. పద్నాలుగు నెలలు ఖాళీగా ఉండి, లెక్కల పని నేర్చుకొని, మళ్ళీ ఎన్నో ఏళ్ళకు గాని కొలతల పనికి రాలేకపోయారు.

ప్రభుత్వ సంస్థలను అమ్మడానికి పెట్టిన ట్రాయ్‌హాండ్ 1994 చివరికల్లా తన పని ముగించింది. వేల కర్మాగారాల్లో ఎన్నో మూతపడగా, మిగిలినవాటిలో ఎక్కువ భాగం పశ్చిమ సంస్థల చేతికి పోవడంతో, తూర్పున ఉత్పత్తి శాఖలు మిగిలాయి గాని, ఎక్కువ జీతాలుండే ప్రధాన కార్యాలయాలు, పరిశోధన విభాగాలు పశ్చిమానే ఉండిపోయాయి. జీతాల మీద, పని గంటల మీద కార్మిక సంఘాలతో సామూహిక ఒప్పందం చేసుకున్న సంస్థలు కూడా తూర్పున తక్కువ. పశ్చిమాన లోహ పరిశ్రమలో 1995 నుంచి వారానికి 35 గంటల పని అమలులో ఉంది. దానినే తూర్పునా అమలు చేయాలని 2003లో జరిగిన సమ్మె ఓడిపోయింది. నా మిత్రుడు 35 గంటలు పనిచేస్తాడు. ఏ ఒప్పందంలోనూ లేని మా సంస్థలో నాకు 40 గంటలు. కాబట్టి గంట లెక్క తీస్తే మా ఇద్దరి జీతాల తేడా కాగితం మీద కనిపించే దానికంటే ఇంకా పెద్దది.

2005లో తూర్పున నిరుద్యోగం 18 శాతం దాటింది, పశ్చిమాన అది దాదాపు 10. ఇప్పుడు ఆ ఎడం రెండు శాతం దగ్గరకు తగ్గిందని సంతోషించేవారికి నేనొక మాట గుర్తుచేస్తాను: ఈ అంకె తగ్గింది ఉద్యోగాలు పెరగడం వల్ల మాత్రమే కాదు, వయసులో ఉన్నవారు పశ్చిమానికి వెళ్ళిపోయారు, పెద్దవారు పింఛనులో చేరారు. ఆ పెద్దావిడ కూతురు కూడా మ్యూనిక్‌లోనే ఉంటుంది. మాది శ్రీకాకుళం జిల్లా. పండగకు తప్ప తలుపు తీయని ఇళ్ళను చిన్నప్పటి నుంచి చూసినవాడిని కాబట్టి ఈ సంగతి నాకెవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. పశ్చిమమంతా సుభిక్షమనీ కాదు. బొగ్గు గనులు మూతపడిన రూర్ ప్రాంతంలోని గెల్సెన్‌కిర్హెన్‌లో నిరుద్యోగం కెమ్నిట్జ్ కంటే చాలా ఎక్కువ.

అద్దెల సంగతి కూడా చెప్పాలి. హీటింగ్ ఖర్చుతో కలిపి నా రెండు గదుల ఇంటికి 430 యూరోలు. మిత్రుడి ఒంటి గదికి 1,050. అందుకే మావాళ్ళు "అక్కడే హాయిగా ఉన్నావు" అంటారు. నేను ఒప్పుకోను. జీతం తక్కువైతే రేపటి పింఛను తగ్గుతుంది, ఇంటికి పంపే సొమ్మూ తగ్గుతుంది. అద్దె ఊరిని బట్టి మారవచ్చు గాని, శ్రీకాకుళం బ్యాంకులో నా విద్యా రుణం వాయిదా మారదు.

పెద్దావిడ 2025 వసంతంలో ఉద్యోగ విరమణ చేశారు. ఆ స్థానంలో ఇంజినీరును తీసుకుంటామని సంస్థ ఆరు నెలలకు పైగా ప్రకటన ఇస్తూనే ఉంది, మనిషి దొరకలేదు. తెలిసినవారుంటే చెప్పమని మా మేనేజరు అడిగితే విశ్వవిద్యాలయంలోని ఇద్దరు తెలుగు పిల్లలకు పంపాను. ఇద్దరూ మొదట అడిగింది ఒక్కటే: "అన్నా, గీత దాటుతుందా?" ఆ గీత 2025కి 43,759 యూరోల 80 సెంట్లు అయింది, సంస్థ అనుకున్నది 42,500. మరునాడు మేనేజరుకు రాసిన మెయిల్‌లో ఆ మొదటి అంకెను సెంట్లతో సహా రాశాను.